దంతవైద్యం - ప్రశ్నలు, జవాబులు: డెంటల్ హైజీనిస్ట్ ఏం చేయవచ్చు, ఎక్కడ ఆగాలి?

పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టుల పని గురించి, వాళ్లకున్న అధికారాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకే ఈసారి ఈ పేజీలు కేటాయించాం.

ప్రశ్న: పళ్లు క్లీన్ చేయించుకుందామని క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్ గారు కాసేపు నోరు చూసి పక్క గదిలోకి పంపారు. అక్కడ ఒకావిడ పళ్లమీది గార అంతా తీసింది. ఆవిడ డాక్టర్ కాదని తర్వాత తెలిసింది. డాక్టర్ కానివాళ్లు ఇలా చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: ఆవిడ రిజిస్టరైన డెంటల్ హైజీనిస్ట్ అయితే ఒప్పుకుంటుంది. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం మొదటినుంచీ ఈ వృత్తిని గుర్తించింది. డెంటిస్టు గానీ వైద్యుడు గానీ కాకుండా, పళ్లమీది గార తీసి, శుభ్రం చేసి, పాలిష్ పెట్టేవాళ్లు, లేదా నోటి శుభ్రత ఎలాగో నేర్పేవాళ్లు హైజీనిస్టులు అని రెండో సెక్షన్ చెబుతుంది. వాళ్ల పేర్లు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉండాలి. రిజిస్టర్‌లో లేనివాళ్లు గార తీయడం, పాలిష్ పెట్టడం వృత్తిగా చేయకూడదని 49వ సెక్షన్ అంటుంది. ఈ చట్టం స్థానంలో రావడానికి 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. అందులోనూ డెంటిస్టుకు సహాయకులుగా ఉండే ఈ వృత్తులవారికి చోటుంది.

మీ విషయంలో డాక్టర్ ముందు నోరు చూశాకే పంపారు. పద్ధతి ప్రకారం జరగాల్సింది అదే. మీరు తెలుసుకోవాల్సిందల్లా ఆవిడ హైజీనిస్టా, లేక అసిస్టెంటా అన్నది. తెల్ల కోటు, గ్లౌజులు, మాస్కు ఇద్దరికీ ఒకేలా ఉంటాయి. "మీ రిజిస్ట్రేషన్ నంబరు చెబుతారా అండీ" అని అడగండి. నిజమైన హైజీనిస్టు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. డాక్టర్ గారి సర్టిఫికెట్ పక్కనే తమది కూడా గోడకు ఉంటే అసలు అడిగే పనే ఉండదు.

ప్రశ్న: మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. అక్కడ హైజీనిస్టే మత్తు ఇంజక్షన్ ఇచ్చి, ఎక్స్‌రే తీసి, చిగుళ్ల లోపల శుభ్రం చేసిందట. ఇక్కడ మా హైజీనిస్టు మాత్రం ఇంజక్షన్ డాక్టరే ఇవ్వాలంది. చదువు తక్కువనా?

జవాబు: ఆమె చెప్పింది సరైన మాట. చట్టం గీసిన గీత దగ్గర ఆగింది, దాన్ని చదువు తక్కువని అనుకోవద్దు. 1948 చట్టంలో "దంతవైద్యం" అంటే ఏమిటో రాసిన చోట పళ్లకు, దవడకు చేసే ఆపరేషన్లు, వ్యాధుల చికిత్సతో పాటు నోటికి సంబంధించిన ఎక్స్‌రే పని, వాటికోసం మత్తు ఇవ్వడం కూడా చేర్చారు. ఆ పనులు డెంటిస్టువి. హైజీనిస్టు నిర్వచనంలో అవి లేవు. కాబట్టి ఇక్కడ హైజీనిస్టు సిరంజి పట్టుకుంటే, చేయి ఎంత బాగా తిరిగినదైనా, ఆమె తన పరిధి దాటినట్టే.

అమెరికాలో ఈ విషయం ఒక్కో రాష్ట్రం చేతిలో ఉంది. హైజీనిస్టులు మత్తు ఇంజక్షన్ ఇవ్వడానికి 1971లో వాషింగ్టన్ రాష్ట్రం మొదట అనుమతి ఇచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాలూ ఇస్తున్నాయి. అయితే ఒక చోట డాక్టర్ ఆ గదిలోనో క్లినిక్‌లోనో ఉండి తీరాలి, మరో చోట ముందుగా ఆదేశం రాసి ఉంటే చాలు. బ్రిటన్‌లో శిక్షణ పొందిన హైజీనిస్టులు ఇంజక్షన్ ఇవ్వడం పాత విషయమే గానీ, దానికి డెంటిస్టు రాత కావలసి వచ్చేది. 2024 జూన్‌లో నియమం మార్చారు. మత్తుమందు, పళ్లకు పూసే ఫ్లోరైడ్ వార్నిష్ లాంటి కొన్ని మందులను విడిగా చీటీ లేకుండానే వాళ్లు వాడవచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, గుచ్చడం అందులో తేలిక భాగం. సూది రక్తనాళంలోకి వెళ్లలేదని వెనక్కి లాగి చూడాలి. మోతాదు లెక్క కట్టాలి. 2 శాతం లిగ్నోకెయిన్ అనే మత్తుమందు నింపిన 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో (సిరంజిలో పెట్టే చిన్న గొట్టం) 36 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలోకు 4.4 మిల్లీగ్రాములు గరిష్ఠమని లెక్క పెట్టుకుంటే 20 కిలోల పిల్లవాడికి 88 దాటకూడదు. రెండు కార్ట్రిడ్జ్‌లకే 72 అవుతుంది, మూడోది పూర్తిగా ఎక్కిస్తే 108. పెద్దవాళ్ల నోట్లో పట్టించుకోనక్కరలేని తేడా చిన్న ఒంట్లో ఫిట్స్ దాకా తీసుకెళ్లగలదు. ఇంజక్షన్ అనుమతి ఇచ్చిన చోట్ల ఈ లెక్క, అత్యవసర చికిత్స నేర్పి, పరీక్ష పెట్టి మరీ ఇస్తారు.

ప్రశ్న: నేను డెంటిస్టుని. క్లినిక్‌లో హైజీనిస్టును పెట్టుకోవాలనుకుంటున్నాను. ఏ పని అప్పగించాలి, ఎలా రాసిపెట్టుకోవాలి? పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

జవాబు: మంచి నిర్ణయం. కాకపోతే అప్పగించే పద్ధతి సరిగా లేకపోతే హైజీనిస్టు చదువుకు విలువ ఉండదు, పేషెంటుకూ మేలు జరగదు.

ముందు పరీక్ష మీరే చేయండి. నోటిని ఆరు భాగాలుగా విడగొట్టి, కొనకు అర మిల్లీమీటరు గుండు ఉన్న ప్రోబ్‌తో (చిగురు లోతు కొలిచే సన్నని పుల్ల) ప్రతి భాగానికీ ఒక సంఖ్య రాయండి. ఆ ప్రోబ్ మీద 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య నల్ల పట్టీ ఉంటుంది. రక్తం మాత్రమే వస్తే 1. గార తగిలి, పట్టీ మొత్తం బయటే కనబడితే 2. పట్టీ కొంత చిగురులోకి దిగితే 3. మొత్తం మునిగిపోతే 4. ఒత్తిడి 20, 25 గ్రాములు మించకూడదు. గట్టిగా నొక్కితే ఆరోగ్యమైన చిగురు కూడా రక్తం కార్చి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

1, 2 వచ్చిన నోళ్లు నేరుగా హైజీనిస్టుకు పంపదగ్గవి. 3 వచ్చిన భాగంలో గార తీయించి, కొన్ని వారాలు ఆగి మీరే మళ్లీ కొలవాలి. 4 వస్తే ఆ పేషెంటు ముందు మీ దగ్గరే ఆగాలి. పంటి చుట్టూ పూర్తి కొలతలు, ఎక్స్‌రే, ఎముక ఎంత పోయిందన్న అంచనా, అవసరమైతే మత్తు, ఆపరేషన్, ఇవన్నీ మీ పని. లోతైన చోట మత్తు లేకుండా గార గీకమని హైజీనిస్టుకు పంపేస్తే రెండే జరుగుతాయి. నొప్పికి పేషెంటు మళ్లీ రాడు, లేదా ఆమె నొప్పి తగలకుండా పైపైన గీకి వదిలేస్తుంది.

ఈ రెండోది మరీ ప్రమాదకరం. గార గీకే పనిముట్టు క్యూరెట్ అంచు మొద్దుబారినా, కోణం తప్పినా, ఒత్తిడి చాలకపోయినా గార ఊడిరాదు, దాని పై పొర మాత్రం నున్నబడుతుంది. తర్వాత ప్రోబ్‌కు కూడా వేరు నున్నగానే తగులుతుంది. అంతా బాగుందని రాసేస్తారు. నెల తిరిగేసరికి చిగురు మళ్లీ ఎర్రబడి ఉంటుంది, కారణం ఎవరికీ అర్థం కాదు. ఒకసారి పాలిష్ అయిన గారను రెండోసారి ఊడదీయడం మొదటిసారి కంటే కష్టం. అందుకే ఆమె పనిముట్లకు సాన పెట్టే రాయి, దానికి కావలసిన సమయం ఇవ్వండి. క్యూరెట్ అంచు మీద దీపం వెలుగు పడేట్టు పట్టుకోండి. తెల్లటి గీత మెరిస్తే అంచు మొద్దుబారినట్టు. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు.

కంపనాలతో గార ఊడదీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ కొనల సంగతీ అంతే. కొన 1 మిల్లీమీటరు అరిగితే శక్తి పావు వంతు, 2 మిల్లీమీటర్లు అరిగితే సగం తగ్గినట్టు లెక్క. కొలిచే కార్డు కంపెనీయే ఇస్తుంది. దాన్ని గది గోడకే అంటించండి, సొరుగులో పెడితే ఎవరూ చూడరు. కొనను పంటికి వారగా ఆనించి ఆడించాలి, మొనతో పొడవకూడదు. మొనతో పొడిస్తే వేరు మీద గీతలు పడతాయి, పేషెంటుకు వారాల తరబడి చల్లనిది తాకితే జివ్వుమంటుంది. నీళ్ల ధార తగ్గిస్తే గదిలో తుంపరలు తగ్గుతాయేమో గానీ పన్ను వేడెక్కుతుంది. తుంపరలను తగ్గించేది నోట్లోంచి గట్టిగా లాగే సక్షన్ గొట్టమే. పొద్దున్నే నీళ్ల గొట్టాన్ని రెండు నిమిషాలు, పేషెంటుకూ పేషెంటుకూ మధ్య 20, 30 సెకన్లు వదలాలి. పనిముట్లు కడిగి, చూసి, పౌచ్‌లో పెట్టి, ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు, లేదా 121 దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. ఈ నిమిషాలు ఆ వేడి అందుకున్నాక లెక్క. స్విచ్ వేసినప్పటి నుంచి లెక్కపెడితే పని మధ్యలో ఆగినట్టే.

ఆదేశం నోటిమాటగా ఉంచకండి. పేషెంటు పేరు, తేదీ, ఆరు సంఖ్యలు, ఏయే భాగాల్లో స్కేలింగ్ (గార తీయడం), పాలిష్ అవసరమా కాదా, వాడుతున్న మందులు, ఎలర్జీలు, ఏం కనబడితే వెంటనే మిమ్మల్ని పిలవాలి, చివర మీ సంతకం ఉండాలి. పని అయ్యాక హైజీనిస్టు కూడా తను చేసింది, కనిపించింది, చెప్పిన జాగ్రత్తలు రాసి సంతకం పెట్టాలి. ఒకే సంతకం ఉన్న కాగితం రేపు గొడవ వస్తే మీ ఇద్దరిలో ఎవరికీ అక్కరకు రాదు.

ఇంకొక్క మాట. హైజీనిస్టు సెలవు పెట్టిన రోజు "ఈ ఒక్కరోజుకే" అని అసిస్టెంటు చేతికి స్కేలర్ ఇవ్వకండి. రిజిస్టర్ కాని మనిషి చేత దంతవైద్యం చేయించడం డెంటిస్టు వృత్తి నీతికి విరుద్ధం, జవాబుదారీ మీరే. ఆ రోజు స్కేలింగ్ మీరు చేయండి, లేదా వాయిదా వేయండి.

ప్రశ్న: డాక్టర్ గారి పక్కన చాలా ఏళ్లుగా అసిస్టెంటుగా ఉన్నాను. స్కేలింగ్ చూసీ చూసీ చేయి తిరిగింది. అనుభవం చూపించి హైజీనిస్టుగా రిజిస్టర్ కావచ్చా?

జవాబు: కాలేరు. గుర్తింపు పొందిన కోర్సు చదివి పాసైతేనే రిజిస్టర్‌లో పేరు ఎక్కుతుంది. ఇంటర్‌లో సైన్స్ చదివినవాళ్లు చేరే రెండేళ్ల కోర్సు అది. మీ అనుభవాన్ని చిన్నచూపు చూసి అంటున్న మాట కాదు ఇది. చేయి కదిలించడం పక్కనుంచి చూసి నేర్చుకోవచ్చు. చిగురు కింద వేరు ఎలా వంపు తిరుగుతుందో, ఏ మందు వాడేవాళ్లకు రక్తం ఆగదో, నాలుక పక్కన తెల్ల మచ్చ కనబడితే ఎందుకు ఆగాలో చూపుతో రాదు.

ఈలోగా మీరు ధైర్యంగా చేయగల పనులు చాలా ఉన్నాయి. పనిముట్ల శుభ్రత, ఆటోక్లేవ్ రికార్డు, సక్షన్ పట్టడం, పేషెంటును సిద్ధం చేయడం, డాక్టర్ చెబుతుంటే కొలతలు రాయడం. గార తీయడం, పాలిష్ పెట్టడం మాత్రం చట్టం పేరు పెట్టి మరీ హైజీనిస్టుకు, డెంటిస్టుకు వదిలిన పనులు. "చిన్న పాలిషే కదా" అన్నా అది అందులోకే వస్తుంది. డాక్టర్ గారు చేయమంటే, "నా పేరు రిజిస్టర్‌లో లేదండీ" అని మర్యాదగా చెప్పండి. కోర్సులో చేరగలిగితే చేరండి. మీ అనుభవం ఉన్నవాళ్లు క్లాసులో అందరికంటే త్వరగా అందుకుంటారు.

ప్రశ్న: హైజీనిస్టు క్లీన్ చేస్తూ "మీకు ఎముక అరిగింది, ఈ పన్ను నిలవదు" అంది. రాత్రంతా నిద్ర లేదు. ఆమె అలా చెప్పవచ్చా?

జవాబు: కొలిచి చెప్పవచ్చు, తేల్చి చెప్పకూడదు. "ఇక్కడ 6 మిల్లీమీటర్ల లోతు ఉంది, పన్ను కాస్త కదులుతోంది, డాక్టర్ గారికి చూపిద్దాం" అంటే ఆమె తన పని చక్కగా చేసినట్టు. ఆరోగ్యమైన చిగురుకు, పంటికి మధ్య లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి 6 అన్నది దాచాల్సిన విషయం కాదు. ఏ జబ్బు, పన్ను నిలుస్తుందా, తీయాలా అన్న నిర్ణయం డెంటిస్టుది. దానికి ఎక్స్‌రే కావాలి. చిగురు వాచినప్పుడు లోతు ఎక్కువగా కనిపించి, గార తీశాక తగ్గడం కూడా మామూలే. కంగారు పడకుండా డెంటిస్టుతో ఆ పంటి చుట్టూ ఆరుచోట్లా కొలతలు తీయించుకుని, కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: గుండెలో కృత్రిమ వాల్వు ఉంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతున్నాను. గార తీయించుకోవచ్చా? హైజీనిస్టుకు చెప్పాలా?

జవాబు: కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. చిగుళ్లు కదిలే పని కాబట్టి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళతాయి. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకు, ఇంతకుముందు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు, పుట్టుకతో వచ్చిన కొన్ని రకాల గుండె లోపాలున్నవాళ్లకు ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన. పెద్దవాళ్లకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారే. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు. అది రాసేది డెంటిస్టు, మీ గుండె డాక్టర్‌తో మాట్లాడి. హైజీనిస్టు రాయకూడదు. కానీ మీరు మాత్ర వేసుకున్నారా, ఎన్నింటికి వేసుకున్నారు అని అడగాల్సింది మాత్రం ఆమే. అడగకుండా మొదలుపెట్టే చోట మీరే ఆపండి.

వార్ఫరిన్ సొంతంగా మానేయకండి. వాల్వు మీద గడ్డ కట్టే ముప్పు, చిగురు నుంచి కారే రక్తం కంటే చాలా పెద్దది. ముందురోజు చేయించిన ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపేది) కాగితం పట్టుకెళ్లండి. ఐఎన్ఆర్ 4 దాటితే ఆ రోజు పని వాయిదా వేస్తారు.

ప్రశ్న: ఇక్కడ బీడీఎస్ చేసి పెళ్లయ్యాక అమెరికా వచ్చాను. డెంటిస్టు లైసెన్సుకు చాలా కాలం పట్టేలా ఉంది. ఈలోగా హైజీనిస్టుగా చేయవచ్చా? బ్రిటన్‌లో తేలికంటున్నారు.

జవాబు: మీరు ఉన్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. చాలా రాష్ట్రాలు అమెరికాలోనే గుర్తింపు పొందిన హైజీన్ కోర్సు చదవాలంటాయి, మీ బీడీఎస్‌ను అందుకు లెక్కలోకి తీసుకోవు. ఫ్లోరిడా లాంటి చోట్ల విదేశీ డెంటిస్టులకు హైజీనిస్టు పరీక్షలు రాసే దారి ఉంది. అక్కడ కూడా 350 ప్రశ్నల జాతీయ పరీక్ష, చేతిపని పరీక్ష, ఆ రాష్ట్ర చట్టాల పరీక్ష మూడూ దాటాలి. మీ రాష్ట్ర డెంటల్ బోర్డు నియమాలు మీరే చదవండి, ఏజెంట్ల మాట మీద డబ్బు కట్టకండి. లైసెన్సు వచ్చాక అక్కడ మీరు హైజీనిస్టు మాత్రమే. బీడీఎస్‌లో వందల పళ్లు తీసి ఉన్నా, హైజీనిస్టు లైసెన్సుతో ఒక్క పన్ను కూడా తీయకూడదు. డెంటిస్టులుగా చదివినవాళ్లకు కష్టంగా అనిపించేది, తెలియకుండా గీత దాటేదీ ఇక్కడే.

బ్రిటన్ గురించి మీరు విన్నది పాత సంగతి. విదేశీ డెంటిస్టులు హైజీనిస్టులుగా, థెరపిస్టులుగా దరఖాస్తు చేసుకునే దారిని 2023 మార్చిలో మూసేశారు.

ప్రశ్న: హైజీనిస్టు సొంతంగా క్లినిక్ పెట్టవచ్చా?

జవాబు: కొన్ని దేశాల్లో పెట్టవచ్చు. అమెరికాలోని కొలరాడోలో, కెనడాలోని ఒంటారియోలో స్వతంత్రంగా పనిచేసే హైజీనిస్టులున్నారు. బ్రిటన్‌లో 2013 మే నుంచి డెంటిస్టు చీటీ లేకుండానే పేషెంటు నేరుగా హైజీనిస్టు దగ్గరకు వెళ్లవచ్చు. పళ్లు తెల్లబరచడానికి మాత్రం డెంటిస్టు రాసివ్వాలి. అక్కడి హైజీనిస్టు అయిదేళ్లలో 75 గంటలు చదువుకున్నట్టు రుజువు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిలవదు. ఆస్ట్రేలియా 2020 జూలైలో డెంటిస్టుతో ముడిపెట్టే నియమం తీసేసింది.

ఈ వృత్తి పుట్టిన అమెరికా రాష్ట్రం కనెక్టికట్‌లో డెంటిస్టు డాక్టర్ ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1906లో తన అసిస్టెంటు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పారు. 1913లో బ్రిడ్జ్‌పోర్ట్‌లో స్కూలు పెట్టారు. 1917లో న్యూమన్‌కు తొలి లైసెన్సు వచ్చింది. అక్కడినుంచి సొంత క్లినిక్ దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది, ప్రతి మెట్టుకూ చదువు, పరీక్ష పెంచుతూ వచ్చారు. మన దగ్గర రెండేళ్ల కోర్సుతో, రోగనిర్ధారణ అధికారం లేకుండా విడి క్లినిక్ పెడితే నోట్లో కనబడిన దానికి పేరు పెట్టే మనిషే ఉండరు. మా ఉద్దేశంలో ముందు చదువు పెరగాలి, ఆ తర్వాతే స్వేచ్ఛ.

ప్రశ్న: ఒక క్లినిక్‌లో హైజీనిస్టునని చెప్పుకున్న వ్యక్తి క్లీన్ చేస్తుంటే చిగురు తెగింది. రిజిస్టర్‌లో ఆ పేరు లేదు. ఏం చేయాలి?

జవాబు: గాయం ముందు. వేరే డెంటిస్టుకు చూపించి, ఎక్కడ, ఎంత పొడవు తెగిందో రాయించుకోండి, ఫొటో తీయించండి. తర్వాత బిల్లు, అపాయింట్‌మెంట్ మెసేజ్, మందుల చీటీ ఒకచోట పెట్టుకోండి. మీ కేసు కాగితాల నకలు కావాలని క్లినిక్‌ను రాతపూర్వకంగా అడగండి. రిజిస్టర్ కాకుండా ఆ పని చేయడం, లేని అర్హత పేరు వాడుకోవడం వేర్వేరు తప్పులు, ఫిర్యాదులో రెండూ విడివిడిగా రాయండి. ఫిర్యాదు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రార్‌కు పంపండి. పని చేసిన వ్యక్తితో పాటు ఆ పని అప్పగించిన డెంటిస్టు పేరు కూడా తప్పకుండా ఉండాలి. నష్టపరిహారం కోసమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దానికి గడువు, తప్పు జరిగిన నాటి నుంచి రెండేళ్లు.